వేలిముద్ర వేయుటకు ముందు

ప్రశ్న: మా గూడెము షెడ్యూల్డు ప్రాంతములోనిది. కొండపై గని త్రవ్వుటకు భూములు కావలెనని కొందఱు వచ్చి, వ్రాతలేని కాగితములపై వేలిముద్రలు వేయుమనుచున్నారు. తాతలనాటినుండి పోడు చేసికొనుచున్న భూమికి మావద్ద పట్టా లేదు. ఊరు విడువవలసినదేనా?

సమాధానము: విడువనక్కఱ లేదు. మొట్టమొదట, చదివి వినిపింపని యే కాగితముపైనను వేలిముద్ర వేయకుడు. 2013 నాటి భూసేకరణ చట్టములోని 41వ సెక్షను ననుసరించి, షెడ్యూల్డు ప్రాంతమున భూమిని సేకరింపదలచినవారు, అది యెంతటి అత్యవసరమైనను, ముందుగా గ్రామసభ సమ్మతిని పొందితీరవలెను. ఆ సమ్మతి ఊరందఱును ఒక్కచోట గూర్చుండి, విని, విచారించి చేయు తీర్మానమేకాని, ఇల్లిల్లు దిరిగి మూటగట్టుకొనిపోవు ముద్రలు కావు.

పట్టా లేదని క్రుంగవలదు. 2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వమునుండి అడవిభూమిని సాగుచేసికొనుచున్న గిరిజనులకు, 2006 నాటి అటవీహక్కుల చట్టము నాలుగు హెక్టారులకు మించకుండ హక్కును గుర్తించుచున్నది. కాగితమే సాక్ష్యము కానక్కఱలేదు: ఊరి పెద్దలు చెప్పగా వ్రాసికొన్న వాఙ్మూలము, తాతలు త్రవ్విన బావి, శ్మశానము, దేవతను గొలుచు చోటు, ఇవియన్నియు సాక్ష్యములే, వీనిలో ఒకటికి మించి చూపుడు. అటవీహక్కుల కమిటీకి దరఖాస్తు నిచ్చి రసీదు పుచ్చుకొనుడు. విచారణ ముగియువఱకు మిమ్ము వెడలగొట్టరాదని ఆ చట్టమే శాసించుచున్నది. గ్రామసభ కాదన్నచో 60 దినములలోపల సబ్‌డివిజను కమిటీకిని, అదియు కాదన్నచో మరల 60 దినములలో జిల్లా కమిటీకిని అర్జీ పెట్టుకొనవచ్చును.

ఈ హక్కులకై కూడు సభలో సభ్యులలో సగమునకు తక్కువ కాకుండ హాజరై యుండవలెను. వచ్చినవారిలో మూడవవంతైనను స్త్రీలు కావలెను. తీర్మానమును పుస్తకమున వ్రాయించి, బిగ్గరగా చదివించి, అటుపిమ్మట వేలిముద్రలు వేసి, ప్రతులను కలెక్టరుకును, ఐ.టి.డి.ఎ. ప్రాజెక్టు అధికారికిని అందజేయుడు.

ఇట్లు నిలిచి గెలిచినవారు మనకు దూరమువారు కారు. విశాఖ మన్యమున అనంతగిరి ప్రాంతపు గనుల వివాదములో, షెడ్యూల్డు ప్రాంతపు భూములను గిరిజనేతరులకు గాని, ప్రైవేటు కంపెనీలకు గాని గనులకై కౌలు కీయరాదని 1997లో సమత కేసునందు సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. ఒడిశాలోని నియమగిరిపై బాక్సైటు త్రవ్వకము సంగతిని గ్రామసభలే విచారింపవలెనని అదే న్యాయస్థానము 2013 ఏప్రిల్ 18న ఆదేశింపగా, డోంగ్రియా కోందులు మొదలగువారి 12 గ్రామసభలును వలదని ఏకకంఠముతో తీర్మానించినవి. ఆ కొండ నేటికిని నిలిచియున్నది.

గిరిజనులకును, స్త్రీలకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయవాదిని నియమించుట మండల, జిల్లా న్యాయసేవా సంస్థల విధి, నిస్సంకోచముగా అడుగుడు. పరిహారపు సొమ్ము పట్టణమున కూలిబ్రదుకులో కొలదినాళ్లకే కరగిపోవును. చింతచెట్టును, ఊటనీటిని, పెద్దల సమాధులను మరల నిచ్చు ఖజానా లేదు. కావున ఆ మనుష్యులు మరల వచ్చులోపలనే సభ కూడుడు.