తలుపుకు రందా పడదాం

వానాకాలం. ఏ.ఎస్. రావు నగర్‌లో మేం రాత్రిపూట చదువుకునే గది తలుపు ఉబ్బింది. ఎంత నెట్టినా గడియ పడలేదు.

"గడియ లేకుంటే పలకలు, పుస్తకాలు ఎట్ల పెట్టిపోతం టీచరమ్మా?" అంది ఒక అక్క.

మన కాలనీకి ఏ.ఎస్. రావు గారి పేరు పెట్టారు. ఆయన గొప్ప శాస్త్రవేత్త. 1967లో మొదలైన ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. అక్కడ కంప్యూటర్లు, టీవీలు తయారయ్యాయి. కానీ మా తలుపుకు కావలసింది చిన్న రందా!

వడ్రంగి ఇంటి అక్క ఒకామె రందా తెచ్చింది. "ఆడోళ్లకు రందా ఎందుకు?" అన్నారు కొందరు.

"బలపం పట్టిన చెయ్యి రందా పట్టదా?" అంది ఆమె.

రందానే చిత్రిక అంటారు. కొన్ని ఊళ్లలో తోపడా అంటారు. అది ఒక కర్ర దిమ్మ. మధ్య సందులో బ్లేడు ఏటవాలుగా ఉంటుంది. అది కదలకుండా ఒక చెక్కముక్కతో బిగిస్తారు.

పదును పెట్టాలి

నూరురాయి మీద నీళ్లు చల్లండి. బ్లేడు ఏటవాలు వైపును రాయికి ఆనించి నూరండి. పదునైన బ్లేడు కాగితాన్ని సాఫీగా కోస్తుంది. పదునును వేలితో చూడకండి. తెగుతుంది.

బ్లేడు బిగించాలి

ఏటవాలు వైపు కిందికి ఉండాలి. రందాను తిప్పి అడుగు చూడండి. బ్లేడు అంచు వెంట్రుక మందమే బయటికి రావాలి. తక్కువైతే బ్లేడు తలమీద మెల్లగా తట్టండి. ఎక్కువైతే దిమ్మ వెనక తట్టండి. తర్వాత చెక్కముక్కను మళ్లీ బిగించండి.

రందా పట్టాలి

ముందు గుమ్మం అంచుకు సుద్దముక్క రుద్దండి. తలుపు మూయండి. తగిలిన చోట తలుపుకు తెల్ల మచ్చ పడుతుంది. తీయాల్సింది అక్కడే. తలుపు విప్పి, పక్కవాటుగా నిలబెట్టండి. ఇద్దరు గట్టిగా పట్టుకోవాలి. మేకులుంటే తీసేయండి. రెండు చేతులతో రందాను ముందుకు తోయండి. జపాన్ వడ్రంగులైతే తమ వైపుకే లాగుతారు!

మొదట నేనే తప్పు చేశాను. నారకు ఎదురు తోశాను. చెక్క పెచ్చులు లేచింది. అక్క నవ్వి, "అటు నుంచి తోయమ్మా" అంది. అటు నుంచి తోస్తే పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా వచ్చింది.

ఎక్కువ తీయకండి

చెక్క వానకు తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది. ఎండాకాలం మళ్లీ తగ్గుతుంది. ఇప్పుడు ఎక్కువ తీస్తే అప్పుడు సందు పడుతుంది. రెండుసార్లు తోయండి, ఒకసారి మూసి చూడండి. చెక్క ఆరిన తర్వాత ఆ అంచుకు రంగు వేయండి. తేమ తొందరగా ఎక్కదు.

ఆ రాత్రి గడియ టక్కున పడింది. ఒక్కొక్కరం ఒకసారి వేసి, తీసి చూశాం. పుస్తకాలు లోపలే పెట్టి ఇళ్లకు పోయాం.

ఆలోచించండి – చెప్పండి

1. తలుపు వానాకాలంలోనే ఎందుకు బిగుస్తుంది?
2. బ్లేడు ఎంత బయటికి రావాలి?
3. "ఇది ఆడవాళ్ల పని కాదు" అని మీకు ఏ పని గురించి చెప్పారు? మీరేమన్నారు?

రాయండి: రందా, పదును, గడియ, గుమ్మం.