పూటకూళ్లవాడి సంగతి

చెల్లీ, మంచి సమరయుని కథ మనం సండే స్కూలు రోజులనుంచీ వింటున్నాం. దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి యాజకుడు పక్కకు తప్పుకున్నాడు, లేవీయుడూ తప్పుకున్నాడు, సమరయుడు ఆగాడు. గాయాలు కట్టి, పూటకూళ్ల ఇంటికి చేర్చి, మర్నాడు రెండు దేనారాలిచ్చి తన దారిన వెళ్ళాడు. ప్రసంగం సాధారణంగా అక్కడితో అయిపోతుంది. నా మనసు మాత్రం ఆ పూటకూళ్లవాడి దగ్గరే ఆగుతుంది. తర్వాత కట్టు మార్చిందెవరు? రాత్రి మూలుగుతుంటే లేచి నీళ్లు తాగించిందెవరు?

మన పెద్దమండ్యంవాళ్లకు ఆ పూటకూళ్ల ఇల్లు ఎక్కడో యెరూషలేము దారిలో వెతకాల్సిన పని లేదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. వేర్వేరు మిషన్లవాళ్లు చేతులు కలిపి 1912లో మొదలుపెట్టిన క్షయ ఆసుపత్రి అది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నిలబెట్టాడు. అప్పట్లో క్షయ అంటే కన్నవాళ్లే కంచం వేరు చేసే జబ్బు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టిందే 1943లో, అంతవరకూ ఆ క్రిమిని చంపే మందే లేదు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, ఇంతే వైద్యం. అంటే ఏమిటో ఆలోచించు చెల్లీ. పక్క దులిపేవాళ్లు, గంజి తాగించేవాళ్లు, కఫం గిన్నెలు కడిగేవాళ్లు, వాళ్ల చేతులే మందు! దేశంలో బి.సి.జి. టీకా 1948లో మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటంటే, దాని వెనక ఆ చేతుల కష్టం ఉంది.

ఆరోగ్యవరం ఆసుపత్రికి ముందే, 1863లో, జేకబ్ చాంబర్లేన్ మదనపల్లెకు వచ్చాడు. ఆయన బోధకుడూ, వైద్యుడూ. మగ డాక్టరు ముందుకు రాలేని ఆడవాళ్లకోసం తర్వాత మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వచ్చింది. డాక్టర్ లూయిసా హార్ట్ అక్కడే పనిచేసింది.

ఒక మాట గట్టిగానే చెబుతాను. ప్రార్థనకు వస్తేనే సాయం అనడం క్రీస్తు పద్ధతి కాదు. ఆయన పదిమంది కుష్ఠరోగులను బాగుచేస్తే, తిరిగొచ్చి మొక్కింది ఒక్కడే. రాని తొమ్మిదిమందికి జబ్బు మళ్లీ అంటించలేదు కదా! ఆకలిగొన్నవాళ్లకు, రోగులకు చేసింది నాకే చేశారన్నాడు ఆయన. వాళ్లది ఏ కులం, ఏ మతమని అడగలేదు.

క్షయకు ఇప్పుడు మందులున్నాయి. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే పరీక్ష చేస్తారు, మందులిస్తారు. పౌష్టికాహారానికని నెలకు ₹1,000 కూడా వస్తుంది, 2024 నవంబరు నుంచి. కష్టమంతా ఆ తర్వాతే. మామూలు క్షయకు ఆరు నెలలు మాత్రలు మింగాలి. రెండో నెలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒంట్లో కాస్త సత్తువ వస్తుంది. శెనక్కాయ పీకేందుకో, టమోటా కోతకో కూలికి పిలుపొస్తుంది. మాత్రలు అటకెక్కుతాయి. జబ్బు మళ్లీ ముదురుతుంది, ఈసారి ఆ మందులకు లొంగకపోవచ్చు కూడా. క్రిస్మస్‌కు ఒక చీర, ఒక కేకు ఇచ్చి ఫోటో దిగడం మనకు తేలికే. అయిదో నెలలో రోజూ పొద్దున రోగి గడపలోకెళ్లి "మాత్ర వేసుకున్నావా వదినా" అని అడగడానికే ఓపిక కావాలి.

వచ్చే ఆదివారం స్త్రీల కూటంలో ఇదే మాట్లాడదామనుకుంటున్నాను. ముందు ఆశా కార్యకర్తను కలుద్దాం. మన తోడు ఎవరికి కావాలో రోగుల్ని అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే ఆమె చెబుతుంది. జబ్బు సంగతి ఊరంతా పొక్కకూడదు కాబట్టి ఒక్కో ఇంటికి ఒక్కరమే వెళ్దాం. గుడ్లో, రాగిపిండో తీసుకెళ్దాం. రోగి అడిగితే ప్రార్థన చేద్దాం, అడక్కపోతే కూర్చుని మాట్లాడదాం. పొద్దున్నే పాలకేంద్రానికి పోయేదానివి కదా, నీకు ఏ వీధి అనుకూలంగా ఉంటుందో చెప్పు.