మొదటి ఎక్స్‌రేలో కనబడని జబ్బు



పవిత్ర గురువారం పాదాలు కడుగుతుంటే, ఒక పెద్దాయన కుడికాలు చాపడానికి వెనుకాడారు. బొటనవేలి కింద గుడ్డకట్టు ఉంది.

“నెల క్రితం కొబ్బరి ఈనె గుచ్చుకుంది ఫాదరు గారూ. ఎక్స్‌రే తీయించాను, ఎముక బాగానే ఉందన్నారు. నొప్పి కూడా లేదు” అన్నారు.

ఆ నొప్పి లేదన్న మాటే నన్ను భయపెట్టింది. షుగరు వ్యాధి ముదిరితే పాదాల నరాలు మొద్దుబారతాయి. పుండు ఎముకదాకా దిగినా తెలియదు. మన కోనసీమలో చేనుగట్ల మీదా, కాలువ రేవుల్లోనూ చెప్పుల్లేకుండా నడిచేవారు ఎందరో!

ఆయన ఎక్స్‌రే తీయించింది దెబ్బ తగిలిన వారానికే. ఎముకలోని కాల్షియం సుమారు 30 నుండి 50 శాతం కరిగితేనే ఎక్స్‌రేలో మార్పు కనబడుతుంది. అందుకు రెండు మూడు వారాలు పడుతుంది. కనబడలేదు కనుక లేదనుకోవడం తప్పని సెమినరీలో తర్కశాస్త్రం చదివినప్పుడు నేర్చుకున్నాను. అది పాదానికీ వర్తిస్తుందని అప్పుడు తోచలేదు. అనుమానం ఉంటే రెండు మూడు వారాల తరువాత మళ్ళీ ఎక్స్‌రే తీయించి, పాత ఫిల్ముతో పోల్చి చూడమనాలి. పాత ఫిల్మును పారవేయకండి.

డాక్టరు గారు శుభ్రమైన లోహపు పుల్లతో పుండు లోతు చూస్తారు. పుల్లకు గట్టిగా ఎముక తగిలితే అనుమానం బలపడుతుంది. ఇ.ఎస్.ఆర్. రక్తపరీక్ష కూడా చేయిస్తారు. అప్పటికీ తేలకపోతే ఎం.ఆర్.ఐ. స్కానింగు అవసరం. ఎముక మూలుగలో నీరు చేరడాన్ని అది తొలిరోజుల్లోనే చూపుతుంది. ప్రతి పుండుకూ అంత ఖర్చు అక్కర్లేదు. పైగా నరాలు దెబ్బతిని ఎముకలు కుంగే షార్కో పాదం కూడా ఎర్రగా వాచి, స్కానింగులో ఇలాగే కనబడవచ్చు. అప్పుడు ఎముక ముక్క తీసి పరీక్షిస్తే, ఏ క్రిమి ఉందో, ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది.

పెద్దాయన్ని వాళ్ళబ్బాయి కాకినాడ తీసుకువెళ్ళాడు. ఎం.ఆర్.ఐ.లో వేలి ఎముకకు జబ్బు పాకినట్లు తేలింది. ఆరు వారాలు యాంటీబయాటిక్ మందులు వాడారు. వేలు నిలిచింది. ఇప్పుడాయన గుడిలోకి మెత్తని చెప్పులతోనే వస్తున్నారు. వాకిట్లో ఎవరూ ఆపవద్దని ఉపదేశి గారితో చెప్పాను.