మళ్లీ హెడ్ విప్పే ముందు

"మొన్ననే బోరింగ్ కొట్టించి, పిస్టన్, రింగులు కొత్తవి వేయించినం. నిన్నటిదాకా మంచిగనే నడిచింది. ఇయ్యాల కిక్కు కొడితే రాడ్డు ఊరికెనే కిందికి పోతోంది." ఏప్రిల్, మే నెలల తునికాకు సీజనులో చర్ల, దుమ్ముగూడెం వైపు బైకు షెడ్లలో వినపడే మాట ఇది. మోయాల్సినదానికి మించిన బరువు, మొదటి గేరు, మొరం బాట, పైన ఎండ. వంద సీసీ బండికి ఇంతకన్నా కష్టకాలం ఉండదు. దాన్ని తెచ్చిన మనిషి ఆ రోజు కూలి వదులుకుని వస్తాడు. చేసింది తన పనే కాబట్టి మెకానిక్కు చెయ్యి ఆత్రంగా స్పానర్ మీదికి పోతుంది.

అక్కడ ఆగమనే నా సలహా. మెల్లమెల్లగా పోయిన కంప్రెషన్ వేరు, ఒక్క పూటలో పోయింది వేరు. మొదటిది అరుగుదల. రెండోది వాల్వు మూసుకోకపోవడమో, ప్యాకింగ్ పోవడమో, రింగు విరగడమో, టైమింగ్ చైన్ పళ్లు దాటడమో అయ్యుంటుంది. హెడ్ విప్పిన మరుక్షణం పాత టాపెట్ సెట్టింగూ, ప్యాకింగ్ ఎక్కడ ఊదిందన్న ఆనవాలూ పోతాయి. కారణం తెలియకుండా మళ్లీ కట్టిన ఇంజిన్ మళ్లీ తిరిగి వస్తుంది.

అసలు కంప్రెషన్ పోయిందో లేదో ముందు తేల్చుకోండి. కొన్ని మోడళ్లలో కిక్కు క్లచ్ మీదుగా ఇంజిన్‌ను తిప్పుతుంది. ప్లేట్లు జారితే రాడ్డు పోతుంది గానీ ఇంజిన్ తిరగదు. మ్యాగ్నెట్ మూత తీసి కిక్కు కొట్టి చూడండి, మ్యాగ్నెట్ కదలకపోతే హెడ్ జోలికి పోయే పనే లేదు. ఇంకొకటి పెట్రోలు. కార్బురేటర్ ఓవర్‌ఫ్లో అయినా, చోక్ వేసి అదే పనిగా కిక్కులు కొట్టినా, పెట్రోలు సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. ఆ పొర లేకపోతే రింగులు గాలిని ఆపలేవు, ఇంకా కూర్చోని కొత్త రింగులైతే మరీను. తాళం ఆఫ్ చేసి, ప్లగ్గు తీసి, త్రాటిల్ నిండా తిప్పి నాలుగు కిక్కులు కొట్టి ఆరనివ్వండి. ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ లోపల పోసి చూడండి. కారణం పెట్రోలే అయితే బండి ఇక్కడే లేస్తుంది.

లేవకపోతే కంప్రెషన్ గేజ్. చోక్ తీసేసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి, ముల్లు ఎక్కడం ఆగేదాకా కిక్కు కొట్టాలి. త్రాటిల్ మూసి కొలిస్తే మంచి ఇంజిన్ కూడా చెడ్డగా కనబడుతుంది. బాగున్న చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ సాధారణంగా 120 పీఎస్ఐ దాటుతుంది, అయితే ఆ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే నమ్మండి. ఆ తర్వాత చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. ముల్లు బాగా పైకి లేస్తే గాలి రింగుల పక్క నుంచి పోతున్నట్టు. లేవకపోతే వాల్వులనో, హెడ్ ప్యాకింగ్‌నో అనుమానించాలి.

గేజ్ లేని షెడ్డులోనూ టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ ఉంటుంది. పాత ప్లగ్గులోని పింగాణీ తీసేసి, దానికి గాలి పైపు మూతి వెల్డింగ్ చేయించుకుంటే ఏళ్ల తరబడి పనికొచ్చే పనిముట్టు అవుతుంది. పిస్టన్‌ను కంప్రెషన్‌లో పైదాకా తెచ్చి, టాప్ గేరు వేసి, వెనక బ్రేకు గట్టిగా పట్టించి, గాలి కొద్దికొద్దిగా వదలండి. కిక్కు రాడ్డు దగ్గర కాలూ చెయ్యీ ఉండకూడదు. ఇక చెవి పెట్టి వినడమే. కార్బురేటర్‌లో బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే రంధ్రంలో అయితే రింగులు. హెడ్డూ బ్లాకూ కలిసే చోట సబ్బు నీళ్లు రాస్తే బుడగలొచ్చాయా, ప్యాకింగే.

కొత్తగా చేసిన ఇంజిన్లలో నేను మొదట అనుమానించేది టాపెట్లను. గ్రైండింగ్ చేసిన వాల్వు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సీటులోకి ఇంకాస్త దిగుతుంది. దిగినకొద్దీ టాపెట్ సందు తగ్గుతుంది. సందు పూర్తిగా పోతే వేడెక్కిన వాల్వు మూసుకోదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కిక్కు బిగువుగా ఉండి, ఘాట్ రోడ్డు ఎక్కాక వదిలేసే బండి కథ సాధారణంగా ఇదే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఫీలర్ గేజ్‌తో సందు సరిచేస్తే చాలు, పైసా సామాను అక్కర్లేదు. అశ్రద్ధ చేస్తే మాత్రం ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది.

రింగుల తప్పయితే చాలావరకు బిగించిన రోజే పుట్టి ఉంటుంది. ఖమ్మమో కొత్తగూడెమో పంపి బోరింగ్ చేయించిన బ్లాకులో రింగును పిస్టన్ తలతో తిన్నగా తోసి, రెండు కొసల మధ్య సందు కొలవాలి. 50 మిల్లీమీటర్ల బోరుకు సుమారు 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. ప్యాకెట్టులో వచ్చిన రింగే కదా అని కొలవకుండా వేసేస్తే, సందు చాలనప్పుడు వేడికి కొసలు ఒకదానికొకటి తగిలి రింగు విరుగుతుంది, గోడకు గీతలు పడతాయి. పిస్టన్ పిన్ను లాకు పాతదే వేసినా అంతే. అది ఊడి బ్లాకును చెక్కేస్తుంది.

ఇంకొకటి వాగు నీళ్లు. సైలెన్సర్ మునిగేంత నీటిలో ఆగిపోయిన బండిని, వరదలో మునిగిన బండిని ప్లగ్గు తీయకుండా కిక్కు కొట్టొద్దని బండి యజమానులకు గట్టిగా చెప్పండి. నీరు అణగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. పిస్టన్ పైదాకా రాదు, కంప్రెషన్ తగ్గిపోతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరిన రోజులు ఈ తీరం వాళ్లు మరిచిపోలేదు.

దుమ్ము సంగతి బండి అప్పగించకముందే చూసుకోవాలి. ఫిల్టర్‌కూ కార్బురేటర్‌కూ మధ్య రబ్బరు గొట్టం లోపల వేలు పెట్టి తిప్పండి. గరుకు తగిలితే దుమ్ము ఇంజిన్‌లోకే పోతోంది. ఫిల్టర్ తీసేస్తే పికప్ వస్తుందని నమ్మి తిరిగే కుర్రాళ్లకు ఆ వేలే చూపించండి.

ప్రతి ఇంజిన్‌కూ ఒక నోటు పుస్తకంలో పేజీ పెట్టండి. పిస్టన్ ఓవర్‌సైజు, రింగు సందు, టాపెట్ సందు, ఆ రోజు మీటరు రీడింగు రాసుకోండి. 300 కిలోమీటర్లకు ఆయిల్ మార్చడానికి, టాపెట్లు చూడడానికి రమ్మని, అందాకా బరువు ఎక్కించొద్దని చెప్పండి. బండి తిరిగొచ్చినప్పుడు తప్పు బిగింపులో తేలితే కూలి అడక్కుండా చేసివ్వండి. దుమ్మో నీళ్లో కారణమైతే పాత సామాను చేతికిచ్చి, గీతలు చూపించి, ఎంతవుతుందో ముందే చెప్పి, ఒప్పుకున్నాకే స్పానర్ పట్టండి.