చిప్‌ట్యూన్ ట్రాకర్లకు అర్థమయ్యే మాన్యువల్ ఎలా రాయాలి?

1980లలో ఇళ్లలోకి వచ్చిన వీడియో గేమ్ యంత్రాల్లో, చిన్న కంప్యూటర్లలో ఒక పాటను పూర్తిగా రికార్డు చేసి దాచుకునేంత మెమరీ ఉండేది కాదు. వాటిలోని సౌండ్ చిప్ ఎప్పటికప్పుడు స్వరాలను పలికించేది. అలాంటి చిప్‌లతో, లేదా వాటి ధ్వనిని అనుకరిస్తూ కూర్చే సంగీతాన్ని చిప్‌ట్యూన్ అంటారు. దాన్ని కూర్చడానికి ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్ పేరు ట్రాకర్. 1987లో కార్‌స్టెన్ ఒబార్‌స్కి అమిగా కంప్యూటర్ కోసం తయారుచేసిన 'అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్' ఈ తరహా సాఫ్ట్‌వేర్‌కు ఆ పేరును స్థిరపరచింది. తరువాత ప్రోట్రాకర్, ఇంపల్స్ ట్రాకర్, నింటెండో గేమ్ యంత్రం కోసం ఫామిట్రాకర్, గేమ్‌బాయ్ కోసం ఎల్‌ఎస్‌డీజే వచ్చాయి. ఇటీవలి ఫర్నేస్ అనేక పాత చిప్‌లను ఒకేచోట అందిస్తోంది.

వీటిలో చాలావరకు ఉచితంగా దొరుకుతాయి, మామూలు కంప్యూటర్‌లో పనిచేస్తాయి. అయినా ఆసక్తితో తెరిచినవారిలో చాలామంది మొదటి తెర దగ్గరే ఆగిపోతారు. సమాచారం దొరకకపోవడం దీనికి కారణం కాదు. మాన్యువల్‌లో సమాచారం ఉంటుంది, కానీ అది ఇప్పటికే తెలిసినవారికి గుర్తుచేసే పద్ధతిలో ఉంటుంది. ఈ లోపం ఎక్కడ ఉందో, దాన్ని ఎలా సరిదిద్దవచ్చో పరిశీలిద్దాం.

తెర మీద కనిపించేది ఏమిటి?

ట్రాకర్ తెర ఒక పెద్ద పట్టిక. నిలువు గడులు చానళ్లు, అంటే ఒకేసారి పలకగల ధ్వనులు. అడ్డ వరుసలు కాలాన్ని సూచిస్తాయి. మన స్వరలిపి పుస్తకాల్లో తాళం ఎడమ నుంచి కుడికి సాగితే, ఇక్కడ పై నుంచి కిందికి సాగుతుంది. కొన్ని వరుసల సముదాయం ఒక ప్యాటర్న్. ప్రోట్రాకర్‌లో ప్రతి ప్యాటర్న్‌కూ 64 వరుసలు ఉంటాయి. ఒక్కో గడిలో స్వరం, వాద్యం సంఖ్య, చివర ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఆ చివరి మూడింటినీ కలిపి 'ఎఫెక్ట్' అంటారు. స్వరాన్ని జారవిడవడం, కంపింపజేయడం, వాల్యూమ్ మార్చడం, పాటను మరోచోటికి దూకించడం వంటి పనులన్నీ ఎఫెక్టులే చేస్తాయి. మాన్యువల్ చదివేవారు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

ఒకే అక్షరానికి నాలుగు అర్థాలు

'సి' అనే అక్షరాన్నే తీసుకోండి. ప్రోట్రాకర్‌లో అది వాల్యూమ్‌ను నిర్ణయిస్తుంది. ఇంపల్స్ ట్రాకర్‌లో ఉన్న ప్యాటర్న్‌ను వదిలి తరువాతి దానికి వెళ్లమని చెబుతుంది. ఫామిట్రాకర్‌లో పాటను అక్కడితో ఆపేస్తుంది. ఎల్‌ఎస్‌డీజేలో మూడు స్వరాలను వెంటవెంటనే తిప్పి ఒకేసారి పలికినట్లు భ్రమింపజేస్తుంది. ఒక ట్రాకర్ నేర్చుకుని మరోదానికి మారినవారు వాల్యూమ్ తగ్గిద్దామనుకుంటే పాటే ఆగిపోతుంది. అందువల్ల ఎఫెక్టుల పట్టిక ఇస్తే సరిపోదు. ఇతర ట్రాకర్ల నుంచి వచ్చేవారికి ఏ అక్షరం ఏమిగా మారిందో చూపే చిన్న పోలిక పట్టిక కూడా ఇవ్వాలి.

అంకెల చిక్కు మరొకటి. ఎఫెక్ట్ విలువలను సాధారణంగా హెక్సాడెసిమల్, అంటే 16 ఆధారంగా గల పద్ధతిలో రాస్తారు. ఇందులో 10 అంటే పదహారు, 20 అంటే ముప్పై రెండు. ప్రోట్రాకర్‌లో పూర్తి వాల్యూమ్ 64. కాబట్టి 'సి40' అంటే పూర్తి వాల్యూమ్, 'సి20' అంటే అందులో సగం. ఇది తెలియనివారు 20 అంటే ఇరవయ్యే అనుకుంటారు.

అలవాటైనవారికీ మరో ఉచ్చు ఉంది. ప్రోట్రాకర్‌లో 'డి' ఎఫెక్ట్ తరువాతి ప్యాటర్న్‌లో ఫలానా వరుసకు దూకమంటుంది. దీని విలువను మాత్రం మామూలు దశాంశ పద్ధతిలోనే చదవాలి. 'డి10' పదో వరుసకే వెళుతుంది, పదహారో దానికి కాదు. ఇదే పని చేసే ఇంపల్స్ ట్రాకర్ 'సి' ఎఫెక్ట్‌లో విలువ హెక్సాడెసిమల్. ఈ ఒక్క వాక్యం మాన్యువల్‌లో లేకపోతే, ఒక ట్రాకర్ నుంచి మరోదానికి చేత్తో ఎక్కించిన పాట ఆరు వరుసలు పక్కకు జరిగిపోతుంది. ఎందుకు జరిగిందో వెతికినా దొరకదు.

'ఏమిటి'తో పాటు 'ఎందుకు' కూడా

మాన్యువల్‌లో తరచూ లోపించే రెండో విషయం కారణం. ప్రోట్రాకర్ సాధారణ అమరికలో సెకనుకు 50 'టిక్కులు' ఉంటాయి. యూరప్ టీవీలు సెకనుకు 50 సార్లు తెరను గీసేవి. మొదటి ట్రాకర్లు ఆ లయనే ఆధారం చేసుకున్నాయి. ఒక్కో వరుసకు 6 టిక్కులు. అంటే ఒక వరుస 0.12 సెకను, నాలుగు వరుసలు 0.48 సెకను. నాలుగు వరుసలను ఒక దెబ్బగా లెక్కిస్తే నిమిషానికి 125 దెబ్బలు. తెర మీద కనిపించే 125 అనే అంకె ఇలా వచ్చింది.

ఈ లెక్క తెలిస్తేనే 'ఆర్పెజియో' ఎఫెక్ట్ అర్థమవుతుంది. '047' అని రాస్తే చిప్ మొదటి టిక్కులో అసలు స్వరాన్ని, రెండో దానిలో 4 స్వరస్థానాలు పైనున్నదాన్ని, మూడో దానిలో 7 స్వరస్థానాలు పైనున్నదాన్ని పలుకుతుంది. అసలు స్వరం షడ్జమమైతే మిగతా రెండూ అంతర గాంధారం, పంచమం. ఈ మార్పు చాలా వేగంగా జరగడంతో ఒక్క చానల్‌లోనే మూడు స్వరాలు కలిసి పలికినట్లు చెవికి అనిపిస్తుంది. వరుసకు 6 టిక్కులుంటే ఈ చక్రం సరిగ్గా రెండుసార్లు తిరుగుతుంది. వరుసకు 2 టిక్కులే పెడితే మూడో స్వరం వంతే రాదు, పంచమం వినిపించదు. "మూడో స్వరం వినిపించకపోతే వరుసకు ఎన్ని టిక్కులున్నాయో చూడండి" అని మాన్యువల్ ఒక్క మాట చెబితే, సాఫ్ట్‌వేర్ పాడైందేమోనన్న అనుమానం ఉండదు.

నింటెండో చిప్ మరో ఉదాహరణ. దానిలో ఐదు చానళ్లు: రెండు చదరపు తరంగాలు, ఒక త్రిభుజ తరంగం, ఒక రొద చానల్, ఒక ధ్వని నమూనాల చానల్. చదరపు తరంగాలకు, రొదకు 0 నుంచి 15 వరకు వాల్యూమ్ మెట్లు ఉన్నాయి. త్రిభుజ తరంగానికి వాల్యూమ్ నియంత్రణే లేదు. పలకడం, ఆగడం మాత్రమే ఉంటాయి. అక్కడ వాల్యూమ్ తగ్గించబోతే మార్పు వినిపించదు. తప్పు వాడేవారిదీ కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు. అది చిప్ నిర్మాణం.

శ్రుతి విషయమూ అంతే. ఆ చిప్‌లో చదరపు తరంగం పౌనఃపున్యాన్ని గడియారం వేగాన్ని బట్టి లెక్కిస్తారు. విలువకు ఒకటి కలిపి 16తో గుణించి, ఆ లబ్ధంతో గడియారం వేగాన్ని భాగించాలి. అమెరికా యంత్రంలో గడియారం సెకనుకు సుమారు 17,89,773 సార్లు కొట్టుకుంటుంది. విలువ 253 అయితే 440.4 హెర్ట్జ్ వస్తుంది. యూరప్ యంత్రం గడియారం సుమారు 16,62,607. అదే 253కు అక్కడ 409.1 హెర్ట్జ్ మాత్రమే వస్తుంది. అంటే శ్రుతి ఒక స్వరస్థానం కంటే ఎక్కువే దిగిపోతుంది. "ముందు యంత్రాన్ని ఎంచుకోండి" అనే సూచన వెనుక ఉన్న కారణం ఇదే. ఈ చిప్‌ల తయారీ ఆగిపోయిన కొద్దీ, అవి ఎలా పనిచేసేవో తెలుసుకోవడానికి ఇలాంటి మాన్యువళ్ల అవసరం పెరుగుతుంది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

1980లలో ఐబీఎం సంస్థలో జాన్ కారొల్ బృందం కొత్తగా కంప్యూటర్ నేర్చుకునేవారిని దగ్గరుండి గమనించింది. వారు మాన్యువల్‌ను మొదటి నుంచి చివరి దాకా చదవలేదు. నేరుగా పని మొదలుపెట్టారు, తప్పులు చేశారు, బయటపడే దారి కోసం వెతికారు. ఆ అనుభవంతో కారొల్ 'మినిమల్ మాన్యువల్' పద్ధతిని రూపొందించారు. మొదటి పేజీ నుంచే నిజమైన పని చేయించడం, ఉపోద్ఘాతాలు తగ్గించడం, జరిగే తప్పులను ముందే ఊహించి సవరణ చెప్పడం దాని సారాంశం. అలాంటి మాన్యువల్‌తో నేర్చుకున్నవారు తక్కువ సమయంలో పనిలో పడ్డారు. 1990లో వచ్చిన 'ద న్యూరెంబర్గ్ ఫనెల్' పుస్తకంలో ఆయన ఈ పద్ధతిని వివరించారు.

ఆస్ట్రేలియా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జాన్ స్వెల్లర్ 1988లో ప్రతిపాదించిన జ్ఞానభార సిద్ధాంతం మరో కోణం చూపింది. బొమ్మ ఒకచోట, వివరణ మరోచోట ఉంటే వాటిని కలపడానికే మెదడు శక్తి ఖర్చయి, నేర్చుకోవడానికి తక్కువ మిగులుతుంది. అందుకే ఎఫెక్ట్ వివరణ పక్కనే, ఆ ఎఫెక్ట్ ఉన్న నాలుగైదు వరుసల ప్యాటర్న్‌ను చూపాలి. అది వినిపించే చిన్న ఫైలు కూడా జతచేస్తే మంచిది.

డానియెల్ ప్రొచీడా రూపొందించిన 'డయాటాక్సిస్' పద్ధతి డాక్యుమెంటేషన్‌ను నాలుగు రకాలుగా విడదీస్తుంది: చేయిపట్టి నేర్పే పాఠం, ఫలానా పని ఎలా చేయాలో చెప్పే సూచన, వెతికి చూసుకునే పట్టిక, కారణాలు చెప్పే వివరణ. ట్రాకర్ మాన్యువళ్లలో మూడోది బాగానే ఉంటుంది. మిగతా మూడింటినీ దానిలోనే ఇరికించడంతో ఇబ్బంది వస్తుంది.

ఒక వివరణను తిరగరాద్దాం

పాత పద్ధతిలో రాసిన వివరణ ఇలా ఉంటుంది: "డి: ప్యాటర్న్ బ్రేక్. విలువ: వరుస." దీన్ని ఇలా మార్చవచ్చు:

ఏం చేస్తుంది: ఈ వరుస పూర్తయ్యాక మిగిలిన వరుసలను వదిలేసి తరువాతి ప్యాటర్న్‌కు వెళుతుంది.

విలువ: తరువాతి ప్యాటర్న్‌లో ఏ వరుస నుంచి మొదలవ్వాలో చెబుతుంది. ఇది దశాంశ సంఖ్య. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది.

ఎప్పుడు వాడాలి: తాళం 64 వరుసల్లో సరిగ్గా ఇమడనప్పుడు. ఉదాహరణకు మిశ్ర చాపులో ఏడు మాత్రలు. మాత్రకు 4 వరుసలిస్తే ఒక ఆవర్తనం 28 వరుసలు, రెండు ఆవర్తనాలు 56. సున్నా నుంచి లెక్కిస్తే చివరిది 55వ వరుస. అక్కడ 'డి00' రాయండి.

పనిచేయకపోతే: వరుసల మధ్యలో తాళం తప్పితే ఎఫెక్ట్ 56వ వరుసలో పడిందేమో చూడండి.

నాలుగు పదాల చోట నాలుగు చిన్న పేరాలు వచ్చాయి. పట్టిక కావలసినవారు మొదటి వాక్యం చూసి వెళ్లిపోతారు, నేర్చుకునేవారు చివరిదాకా చదువుతారు.

తెలుగులో రాసేటప్పుడు

తెలుగులో ట్రాకర్ పాఠాలు రాయాలనుకునేవారు మాటల ఎంపికలో రెండుచోట్ల జాగ్రత్తపడాలి. ట్రాకర్‌లో 'స్పీడ్' అంటే వరుసకు ఎన్ని టిక్కులన్నది. అంకె పెరిగితే పాట నెమ్మదిస్తుంది. దాన్ని 'వేగం' అని అనువదిస్తే, వేగం 6 కంటే వేగం 3 వేగంగా ఉందనే వింత వాక్యం తయారవుతుంది. 'వరుసకు టిక్కులు' అంటే ఏ గందరగోళమూ ఉండదు. అలాగే వాల్యూమ్ మెట్టును 'స్థాయి' అనకూడదు. సంగీతం తెలిసినవారికి స్థాయి అంటే మంద్ర, మధ్య, తార స్థాయిలే. తెర మీది బటన్ల పేర్లను మాత్రం అవి తెరపై ఎలా ఉంటే అలాగే ఉంచి, అర్థాన్ని పక్కన చెప్పాలి. లేకపోతే చదువుతున్న మాటను తెర మీద వెతుక్కోవలసి వస్తుంది.

సరిగ్గా రాశామని తెలిసేదెలా?

రాసినవారికి తమ మాన్యువల్ ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తుంది. అందుకే పరీక్ష అవసరం. ట్రాకర్ ఎప్పుడూ చూడని ఒకరికి మాన్యువల్ ఇచ్చి చిన్న పని చెప్పండి: "0, 4, 8, 12 వరుసల్లో ఒకే స్వరం పెట్టి వినిపించండి. తరువాత అది రెండింతలు వేగంగా వచ్చేలా మార్చండి." పక్కన కూర్చోండి, సాయం చేయకండి. వారు ఎక్కడ ఆగారో, ఏ పేజీ తిప్పారో, ఏ మాటకు తప్పు అర్థం తీసుకున్నారో రాసుకోండి. వరుసకు టిక్కులను 6 నుంచి 3కు మార్చినప్పుడు స్వరాల మధ్య ఎడం 0.48 సెకను నుంచి 0.24కు తగ్గుతుంది. పని అయిందో లేదో చెవికే తెలుస్తుంది.

ఇందుకు వందలమంది అక్కర్లేదు. 1993లో జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ తమ విశ్లేషణలో ఒక్కో వ్యక్తి సగటున 31 శాతం లోపాలను బయటపెడతారని చూపారు. ఆ లెక్కన ఐదుగురితో సుమారు 84 శాతం లోపాలు తెలిసిపోతాయి. ఇది సగటే. అందుకే ఐదుగురితో పరీక్షించి, సవరించి, మళ్లీ మరికొందరితో పరీక్షించడం మంచిది.

ఫర్నేస్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో మాన్యువల్ కూడా ప్రోగ్రాముతో పాటే సాదా పాఠ్య ఫైళ్ల రూపంలో ఉంటుంది. సవరణలు సూచించడానికి ప్రోగ్రామింగ్ తెలియనక్కర్లేదు. కొత్తగా నేర్చుకుంటున్నవారు ఈ పనికి బాగా పనికొస్తారు, ఎందుకంటే ఎక్కడ ఆగిపోయారో వారికింకా గుర్తుంటుంది. మీరు ఆగిన చోటును, అక్కడ ఏ వాక్యం ఉంటే సాయపడేదో ఆ రోజే రాసి పెట్టుకోండి. మాన్యువల్‌లో చేర్చవలసిన మొదటి సవరణ అదే కావచ్చు.