ఎముకకు సారువ

బాలబాలికలు త్వరగా ఎత్తు పెరుగు ప్రాయముననే ఒక క్రూరమైన ఎముక క్యాన్సరు తరచుగా పుట్టుచుండును. దాని పేరు ఆస్టియోసార్కోమా. మోకాలి చేరువనున్న ఎముకలు దానికి ముఖ్యస్థానములు.

1970వ సంవత్సరమునకు పూర్వము వైద్యులు చాలవరకు కాలునే తీసివేసెడివారు. అట్లు చేసినను అయిదుగురిలో ఒకరు బ్రదుకుటయే కష్టము. ఏలయన కంటికి కానరాని వ్యాధికణములు అప్పటికే ఊపిరితిత్తులకు చేరియుండెడివి. పిమ్మట సిరలలోనికి మందులెక్కించు పద్ధతి వచ్చెను. వ్యాధి వ్యాపింపక పూర్వమే చికిత్స ఆరంభించినచో నేడు సగముకంటె ఎక్కువ మంది బ్రదుకుచున్నారు. పలువురికి కాలును దక్కుచున్నది. కాని ఆ మందు దేహమంతయు తిరుగును. డాక్సోరుబిసిన్ అనునది మోతాదు మించినచో గుండెనే దెబ్బతీయును.

కంతిని కోసివేసినచోట ఖాళీ మిగులును. అందు ఎముక పెరుగవలెను; దాగిన వ్యాధికణము పెరుగరాదు. ఈ రెండు పనులను ఒక్క వస్తువు చేయగలదా?

గోడ కట్టునపుడు మేస్త్రీలు వెదుళ్లతో సారువ కట్టి, పని ముగియగనే విప్పివేయుదురు కదా! శాస్త్రజ్ఞులు ఎముకకును అట్టి సారువను కల్పించుచున్నారు. అది కాల్షియం ఫాస్ఫేటుతో చేసినది. ఎముకలోని ఖనిజము ఆ జాతిదే. దానినిండ సన్నని రంధ్రములుండును. వానిలోనికి ఎముక కణములును రక్తనాళములును ప్రాకును. ఈ సారువను విప్పువారుండరు. అదియే మెల్లమెల్లగా కరగును. అందు నింపిన మందు కొద్దికొద్దిగా అచ్చటనే ఊరును. మందును రోగస్థానముననే ఉంచుట సరిక్రొత్త ఊహ కాదు. మెదడు కంతిని తీసినచోట కార్ముస్టిన్ బిళ్లలనుంచుటకు అమెరికాలో 1996లోనే అనుమతి లభించినది.

2019లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయమున ఆచార్య సుస్మితా బోస్ బృందమువారు మన వంటింటి పసుపులోని కర్క్యుమిన్‌ను ఇట్టి సారువలో ఉంచిరి. పసుపు తిన్నంత మాత్రమున ఈ వ్యాధి కుదురదు. కర్క్యుమిన్ ప్రేగులనుండి రక్తములోనికి చేరునది అత్యల్పము, చేరినదియు శీఘ్రముగా నశించును. అందుచే వారు దానిని సూక్ష్మమైన క్రొవ్వుతిత్తులలో పొదిగి, ముద్రణయంత్రముతో పొరపొరగా పోసిన సారువకెక్కించిరి. ప్రయోగశాలలో అది క్యాన్సరు కణములను అణచి, ఆరోగ్యకణములకు తోడ్పడెను.

అయినను చిక్కులు కలవు. రంధ్రములు హెచ్చినకొలది సారువ బలము తగ్గును. కాలు దేహభారమును మోయవలసినది. మందంతయు తొలిదినముననే వెలువడినచో ప్రయోజనము లేదు. పెక్కు మందులు క్రొత్త ఎముక కణములను గూడ చంపును. ఊపిరితిత్తులకు చేరిన కణములను ఈ సారువ అందుకొనజాలదు గనుక, సిరలలోనికెక్కించు మందును మానుటకు వీలులేదు. ఈ పరిశోధనలు చాలవరకు గాజుపాత్రలలోను, జంతువులలోను సాగుచున్నవి.