పిల్లలు పెద్దయ్యాక మనం వెనక్కి వస్తే? ఆన్ రైస్ కథ

మధ్యలో వదిలేసిన పూజని మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో ఈ వారం వీడియోలో మాట్లాడుకున్నాం కదా. టైమ్ సరిపోక పక్కన పెట్టిన ఒక ముక్క ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణ మన సంప్రదాయంలోది కాదు, కాథలిక్కులది. ఈ ప్రశ్నని వాళ్ళు రూల్స్ దాకా తీసుకెళ్ళి ఆలోచించారు, అందుకని.

ప్రశ్న ఏంటంటే, ఒక మనిషి చిన్న వయసులోనే విశ్వాసం వదిలేశాడు. పెళ్ళయింది, పిల్లల్ని దేవుడి ఊసు లేకుండా పెంచాడు. వాళ్ళు ఎదిగాక తను మళ్ళీ వెనక్కి వచ్చాడు. మరి ఆ పిల్లల సంగతేంటి?

ఆన్ రైస్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 'ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్' రాసినావిడ. 1941లో న్యూ ఆర్లియన్స్‌లో ఐరిష్ కాథలిక్ కుటుంబంలో పుట్టింది. పద్దెనిమిదేళ్ళకి చర్చి వదిలేసింది. 1961లో స్టాన్ రైస్ అనే కవిని పెళ్ళి చేసుకుంది, ఆయన నాస్తికుడు. వాళ్ళ పాప మిషెల్ 1972లో లుకేమియాతో పోయింది. ఆరేళ్ళు కూడా నిండలేదు. ఆ తర్వాత రాసిన నవలే 1976లో వచ్చిన ఆ వాంపైర్ కథ. అందులో ఎప్పటికీ పెరగని ఒక చిన్న పిల్ల ఉంటుంది. సినిమా చూసినప్పుడు నాకు ఈ సంగతి తెలీదు. తెలిశాక మళ్ళీ చూడలేకపోయాను.

1978లో కొడుకు క్రిస్టఫర్ పుట్టాడు. ఇద్దరు నాస్తికుల ఇంట్లో పెరిగాడు. 1998లో ఆవిడ తిరిగి చర్చికి వెళ్ళింది. అప్పటికి కొడుక్కి ఇరవై ఏళ్ళు.

ఇలా తిరిగి వచ్చినవాళ్ళకి చర్చి మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వదు. ఒకసారి తీసుకున్నది చెరగదని వాళ్ళ నమ్మకం. మన భాషలో చెప్పాలంటే అకౌంట్ డిలీట్ కాదు, ఇన్‌యాక్టివ్ అవుతుంది అంతే. చేయాల్సింది పాపసంకీర్తనం. గురువు దగ్గర కూర్చుని, ఇన్నేళ్ళలో చేసిన తప్పులు నోటితో చెప్పుకోవాలి. అక్కడ విన్నది ఆ గురువు ఎవరికీ చెప్పకూడదు. ఆ తర్వాతే దివ్య సత్ప్రసాదం. ఇంకో చిక్కు కూడా ఉంది. కాథలిక్కు అయినవాళ్ళు అనుమతి లేకుండా చర్చి బయట పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి చర్చి లెక్కలో చెల్లదు, దాన్ని సరిచేసుకోవాలి. స్టాన్ తన నాస్తికత్వం వదల్లేదు. అయినా భార్య కోసం చర్చిలో మళ్ళీ పెళ్ళికి ఒప్పుకున్నాడు. ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఆయనే.

పిల్లల విషయానికొస్తే, ఏడేళ్ళు నిండి ఊహ తెలిసిన పిల్లల్ని జ్ఞానస్నానం దగ్గర చర్చి చట్టం పెద్దవాళ్ళతో సమానంగా చూస్తుంది. అంటే వాళ్ళే కోరుకోవాలి, నేర్చుకోవాలి. అమ్మానాన్న ముచ్చట పడ్డారని అయిపోదు. చంటిపిల్లలకైతే కనీసం ఒక్కరు ఒప్పుకోవాలి, ఆ విశ్వాసంలో పెంచుతారన్న ఆశ ఉండాలి. అది అస్సలు లేకపోతే జ్ఞానస్నానం వాయిదా వేయమంటుంది. ఇరవై ఏళ్ళ కొడుకైతే ఇక చెప్పేదేముంది!

దీని మీద ఇంత చదవడానికి కారణం మా ఇల్లు. నాన్న బ్యాంకులో చేసి రిటైరయ్యారు, పక్కా హేతువాది. మా ఇంట్లో దేవుడి గూడు లేదు. వినాయక చవితికి పక్కింటి పిల్లలు పత్రి కోయడానికి వెళ్తుంటే నేను గేటు దగ్గర నిలబడి చూసేవాణ్ణి. నాకు ఇదంతా కాలేజీ హాస్టల్లో రూమ్మేట్ వల్ల అబ్బింది. రెండేళ్ళ క్రితం ఇంటికెళ్తే పొద్దున్నే నాన్న విష్ణు సహస్రనామం చదువుతూ కనిపించారు. సంతోషం వేయాలి కదా? నిజం చెప్తున్నానండి, నాకు ముందు కోపమొచ్చింది. "మరి అప్పుడెందుకు లేదు నాన్నా?" అని అడిగేశాను. ఆయన పుస్తకం మూసి, "పత్రి కావాలని నువ్వు ఏడ్చిన రోజు నాకు గుర్తుందిరా" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు.

నేనంటే ఎలాగో ఇటే వచ్చాను. అక్క రాలేదు. డాలస్‌లో ఉంటుంది. బాబుకి నాలుగేళ్ళు. అక్షరాభ్యాసం చేయించమని నాన్న ఫోన్ మీద ఫోన్. "మమ్మల్ని ఒకలా పెంచి, నా కొడుకుని ఇంకోలా పెంచమంటారా?" అని అక్క పెట్టేసింది. రెండు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు. ఎవరిది తప్పంటే, నాకు అక్క మాటే సబబుగా అనిపిస్తోంది. పూజలు చేసేవాడినై ఉండి ఇలా అంటున్నానేంటని అనుకోకండి.

అగస్టీన్ అనే మహానుభావుడి తల్లి మోనికాది దీనికి తిరగేసిన కథ. ఆవిడ నమ్మింది, కొడుకు దూరమయ్యాడు. వాడితో మాట్లాడి మార్చమని ఒక బిషప్ వెంటపడింది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు వాదించి లాభం లేదు, వదిలెయ్, వాడి కోసం ప్రార్థన మాత్రం మానకు అని పంపేశాడట. చాలా ఏళ్ళ తర్వాత, 387లో, అగస్టీన్ మిలాన్‌లో జ్ఞానస్నానం తీసుకున్నాడు. అది మోనికా చూడగలిగింది.

ఆన్ రైస్ కథ అలా ముగియలేదు. క్రిస్టఫర్ కూడా నవలా రచయిత అయ్యాడు. అతను గే. ఆ విషయంలో, స్త్రీల విషయంలో చర్చి వైఖరి తను మోయలేనని చెప్పి 2010లో ఆవిడ మళ్ళీ బయటికి వచ్చేసింది, క్రీస్తుని మాత్రం వదలనంది. తిరిగి రావడం అంటే ఒకసారి చేసి వదిలేసే పని అనుకున్న నాకు ఇది మింగుడు పడలేదు. తర్వాత తల్లీకొడుకులు కలిసి నవలలు రాశారు. 2021 డిసెంబర్‌లో ఆవిడ పోయినప్పుడు ఆ వార్త లోకానికి చెప్పింది కొడుకే.

ఇది పోస్ట్ చేసే ముందు నాన్నకి వాట్సాప్‌లో పంపాను, ఆయన సంగతి ఉంది కాబట్టి. చదివారు, బ్లూ టిక్ పడింది. గంట తర్వాత రిప్లై వచ్చింది. "డాలస్‌లో ఇప్పుడు టైమెంత? అక్క లేచి ఉంటుందా?"